లోకల్ ఎనస్థీషియా పడని వారికి దారులు: కారణం తేల్చడం నుంచి ప్రత్యామ్నాయం దాకా

పన్ను తీసేటప్పుడో, గాయానికి కుట్లు వేసేటప్పుడో మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చాక ఏదో ఇబ్బంది వస్తుంది. ఆ ఇంజెక్షన్లలో ఎక్కువగా వాడే మందు లిగ్నోకైన్ కాబట్టి, ఇక ఆ రోజు నుంచి ఫైలు మీద ‘లిగ్నోకైన్ అలర్జీ’ అన్న ముద్ర ఉండిపోతుంది. ఇలాంటి వాళ్ళను పద్ధతిగా పరీక్షిస్తే నిజమైన అలర్జీ బయటపడేది చాలా అరుదు. లోకల్ మత్తుమందుల వల్ల వచ్చాయని చెప్పే ఇబ్బందుల్లో అసలు అలర్జీ నూటికి ఒకటి కంటే తక్కువన్నది వైద్యుల్లో సాధారణంగా చెప్పుకునే అంచనా. మిగతావన్నీ భయంతో కళ్ళు తిరగడం, అడ్రినలిన్‌కు గుండె దడ, మందు ఎక్కువై విషప్రభావం, లేదా అదే గంటలో వాడిన మరో వస్తువు పడకపోవడం.

అందుకే ‘దీనికి బదులు ఏం వాడాలి’ అన్న ప్రశ్న రెండోది. ‘అసలు ఏం పడలేదు’ అన్నదే మొదటిది. ఈ వరుస తప్పితే నష్టం కూడా ఉంది. లోకల్ వద్దని జనరల్ ఎనస్థీషియాకు (పూర్తిగా స్పృహ తప్పించే మత్తుకు) వెళితే, అందులో వాడే కండరాలను సడలించే మందులు, దానితో పాటు ఇచ్చే యాంటీబయాటిక్‌లు లోకల్ మందుల కంటే ఎక్కువగా తీవ్రమైన అలర్జీకి కారణమవుతాయి. లేని ప్రమాదం నుంచి తప్పించుకోబోయి ఉన్న ప్రమాదంలో పడటమే అవుతుంది.

అడుగు 1: అప్పుడు ఏం జరిగిందో కాగితం మీద పెట్టండి

ఆ రోజు చికిత్స చేసిన చోటికి ఫోన్ చేసి కేసు షీటు నకలు అడగండి. ‘ఇంజెక్షన్ పడలేదు’ అన్న ఒక్క మాటతో ఏ డాక్టరూ ఏమీ తేల్చలేరు. కావలసిన వివరాలు ఇవి:

- మందు పేరు, ఎంత శాతం, ఎన్ని మి.లీ., అడ్రినలిన్ కలిపిందా లేదా
- గాజు కార్ట్రిడ్జ్‌లోదా, ఆంప్యూల్‌లోదా, రబ్బరు మూత ఉన్న వయల్‌లోదా
- సూది గుచ్చిన ఎన్ని నిమిషాలకు మొదలైంది, ఎంతసేపు ఉంది
- కూర్చుని ఉన్నారా, పడుకుని ఉన్నారా, పడుకోబెట్టగానే తగ్గిందా
- ఒంటి మీద దద్దుర్లు ఎవరైనా కళ్ళారా చూశారా, ఫొటో ఉందా
- ఆ సమయంలో నాడి, బీపీ, ఆక్సిజన్ అంకెలు
- ఏ మందు ఇస్తే తగ్గింది
- ఆ రెండు గంటల్లో తీసుకున్న నొప్పి మాత్రలు, యాంటీబయాటిక్‌లు. వాడిన రబ్బరు గ్లౌజులు, చర్మం తుడిచిన మందు, పుక్కిలించిన ద్రావణం

ఇంకొక్క ప్రశ్న వీటన్నిటి కంటే విలువైనది: ఆ సంఘటన తర్వాత మళ్ళీ ఎప్పుడైనా లోకల్ ఇంజెక్షన్ చేయించుకున్నారా? తర్వాత ఎప్పుడో కాలికి కుట్లు పడి, అదే లిగ్నోకైన్ ఇచ్చినా ఏమీ కాకపోతే, ఆ మందుకు అలర్జీ ఉందన్న అనుమానం దాదాపు తీరిపోయినట్టే. చాలామంది దీన్ని చెప్పరు, ఎందుకంటే కుట్ల దగ్గర ఇచ్చిందీ అదే మందని వాళ్ళకు తెలియదు.

అడుగు 2: లక్షణాలను బట్టి ఏ రకమో చూసుకోండి

కళ్ళు తిరిగి పడిపోవడం. అన్నిటి కంటే ఎక్కువగా జరిగేది ఇదే. ముఖం పాలిపోతుంది, చల్లటి చెమట పడుతుంది, వికారం, చూపు మసకబారడం. నాడి నెమ్మదిస్తుంది, బీపీ పడిపోతుంది. సూదిని చూసినప్పుడో, గుచ్చుతుండగానో మొదలవుతుంది. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెడితే నిమిషాల్లో తేరుకుంటారు. దద్దుర్లు, పిల్లికూతలు ఉండవు. ఇక్కడ మందు మార్చాల్సిన పనే లేదు. పడుకోబెట్టి ఇంజెక్షన్ చేయడమే మార్గం.

అడ్రినలిన్ దడ. మందు ఎక్కువసేపు ఒకేచోట నిలవడానికి, రక్తస్రావం తగ్గడానికి అడ్రినలిన్ కలుపుతారు. సూది మొన రక్తనాళంలో ఉండగా మందు పోతే నిమిషంలోపే గుండె ఛాతీలో కొట్టుకుంటున్నట్టు అవుతుంది, చేతులు వణుకుతాయి, కంగారు పుడుతుంది. చాలావరకు ఐదు పది నిమిషాల్లో దానంతటదే సర్దుకుంటుంది. నాడి ఇక్కడ వేగంగా ఉంటుంది, కళ్ళు తిరిగే రకంలో నెమ్మదిగా ఉంటుంది. కేసు షీటులో నాడి అంకె ఉంటే ఈ రెండింటినీ విడదీయడం తేలిక.

మందు మోతాదు మించడం. నోటి చుట్టూ తిమ్మిరి, నాలుక మీద లోహపు రుచి, చెవుల్లో హోరు, మాట తడబడటం, తర్వాత మూర్ఛ, ఇంకా మించితే గుండె లయ తప్పడం. ఇది అలర్జీ కాదు, లెక్క తప్పడం, లేదా మందు నేరుగా రక్తనాళంలోకి పోవడం. లిగ్నోకైన్ గరిష్ఠ మోతాదు అడ్రినలిన్ లేకుండా కిలో బరువుకు 4.5 మి.గ్రా., మొత్తం 300 మి.గ్రా. మించకూడదు. అడ్రినలిన్‌తో కిలోకు 7 మి.గ్రా., మొత్తం 500 మి.గ్రా. 2 శాతం ద్రావణంలో మి.లీ.కు 20 మి.గ్రా. ఉంటుంది కాబట్టి 60 కిలోల మనిషికి అడ్రినలిన్ లేని మందు 13.5 మి.లీ. వరకే. 15 కిలోల పిల్లవాడికైతే 67.5 మి.గ్రా., అంటే 3.4 మి.లీ. కూడా దాటకూడదు. 1.8 మి.లీ. డెంటల్ కార్ట్రిడ్జ్‌లో 36 మి.గ్రా. ఉంటుంది, ఆ పిల్లవాడికి రెండు పూర్తి కార్ట్రిడ్జ్‌లు ఇస్తే చాలు, హద్దు దాటినట్టే. మోతాదు తప్పులు ఎక్కువగా పిల్లల్లో, సన్నగా ఉన్న వృద్ధుల్లో, లివర్ దెబ్బతిన్నవాళ్ళలో కనబడటానికి కారణం ఇదే.

నీలంగా మారడం. ప్రిలోకైన్, బెంజోకైన్ కొందరిలో రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ మోయలేని రూపంలోకి మారుస్తాయి. దీన్ని మెథెమోగ్లోబినీమియా అంటారు. పెదాలు, గోళ్ళు నీలిరంగుకు తిరుగుతాయి, పల్స్ ఆక్సీమీటర్ 85 దగ్గర ఆగిపోతుంది, ఆక్సిజన్ పెట్టినా పెరగదు, తీసిన రక్తం చాకొలెట్ రంగులో ఉంటుంది. దీనికి విరుగుడు మిథిలీన్ బ్లూ, కిలోకు 1 నుంచి 2 మి.గ్రా. నరంలోకి. జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైమ్) లోపం ఉన్నవాళ్ళకు మాత్రం అది ఇవ్వకూడదు. పసిపిల్లల చిగుళ్ళకు రాసే బెంజోకైన్ జెల్‌లను రెండేళ్ళ లోపు వాడొద్దనడానికి కారణం కూడా ఇదే.

నిజమైన తక్షణ అలర్జీ. నిమిషాల నుంచి గంటలోపు. ఇంజెక్షన్ చేసిన చోట మాత్రమే కాదు, ఒళ్ళంతా దురదతో ఉబ్బెత్తు దద్దుర్లు, పెదాలు, కనురెప్పలు, గొంతు వాచిపోవడం, పిల్లికూతలు, వాంతులు, బీపీ పడిపోయి నాడి వేగంగా కొట్టుకోవడం. ఇందులో ఏ రెండు కలిసి వచ్చినా పరీక్ష జరిగే దాకా ఆ మందు ముట్టకూడదు.

ఆలస్యంగా వచ్చే అలర్జీ. మొలలకు, దురదకు రాసే కొన్ని క్రీముల్లో బెంజోకైన్, సింకోకైన్ లాంటివి ఉంటాయి. రాసిన ఒకటి నుంచి మూడు రోజులకు ఆ చోట ఎర్రబడి, నీటి పొక్కులతో గజ్జిలా తయారవుతుంది. దీనితో ప్రాణాపాయం లేదు.

అలర్జీలా కనబడే దంత సంఘటనలు రెండు చెప్పాలి. దవడ నరానికి మందు ఇస్తుండగా సూది వెనక్కి పోయి లాలాజల గ్రంథిలో మందు పడితే ఆ పక్క ముఖం జారిపోతుంది, కన్ను మూతపడదు. మత్తు దిగేసరికి కొన్ని గంటల్లో మామూలవుతుంది. రెండోది మర్నాటి వాపు: సూది తగిలి లోపల రక్తం గడ్డకట్టడమో, మొద్దుబారిన పెదవిని తెలియక కొరుక్కోవడమో. ఇవి రెండూ ‘ముఖం వాచింది’ అన్న మాటతో అలర్జీ ఖాతాలో చేరిపోతుంటాయి.

అడుగు 3: సీసా మీది చిన్న అక్షరాలు చదవండి

లోకల్ మత్తుమందులు రెండు కుటుంబాలు. ఎస్టర్‌లు: ప్రొకైన్, క్లోరోప్రొకైన్, బెంజోకైన్, టెట్రాకైన్. ఎమైడ్‌లు: లిగ్నోకైన్, మెపివకైన్, ప్రిలోకైన్, ఆర్టికైన్, బుపివకైన్, రోపివకైన్. గుర్తుపట్టడానికి చిట్కా ఉంది: ఇంగ్లిష్ స్పెల్లింగులో ‘కైన్’ ముందు భాగంలోనే ‘ఐ’ అక్షరం కనబడితే ఎమైడ్. 1905లో వచ్చిన ప్రొకైన్ కాలంలో అలర్జీలు ఎక్కువగా కనబడేవి, ఎందుకంటే ఎస్టర్‌లు శరీరంలో విరిగి పాబా అనే పదార్థం తయారవుతుంది, పడనిది దానికే. 1940ల చివర్లో లిగ్నోకైన్ వాడుకలోకి వచ్చాక ఆ సమస్య బాగా తగ్గిపోయింది. లోకల్ మందంటే అలర్జీ అన్న పాత పేరు మాత్రం మిగిలింది.

సీసాలో మత్తుమందు ఒక్కటే ఉండదు. పలుమార్లు సూది గుచ్చి వాడే రబ్బరు మూత వయల్‌లో సూక్ష్మజీవులు పెరగకుండా మిథైల్‌పారాబెన్ కలుపుతారు. ఇది పాబాకు దగ్గరి పదార్థం. అంటే ఎమైడ్ మందు వాడి, పారాబెన్ పడక, నింద ఎమైడ్ మీద పడొచ్చు. అడ్రినలిన్ కలిపిన మందుల్లో అది చెడకుండా సోడియం మెటాబైసల్ఫైట్ ఉంటుంది. ఆస్తమా ఉన్న కొందరికి, ముఖ్యంగా స్టెరాయిడ్ మీద ఆధారపడిన వాళ్ళకు దీనితో ఆయాసం రావచ్చు. సల్ఫా మాత్రలు పడని వాళ్ళు కంగారు పడనక్కర్లేదు, ఆ సల్ఫా వేరు, ఈ సల్ఫైట్ వేరు.

కాబట్టి మీరు అడగాల్సింది: ఒకసారికే వాడే ఆంప్యూల్, పారాబెన్ లేనిది, అడ్రినలిన్ లేనిది. ఈ ఒక్క మార్పుతోనే పని అయిపోయే వాళ్ళు చాలామంది ఉంటారు.

అసలు నేరస్తుడు గదిలోనే మరోచోట ఉండవచ్చు. చర్మం తుడవడానికీ, నోరు పుక్కిలించడానికీ వాడే క్లోర్‌హెక్సిడైన్ తీవ్రమైన అలర్జీ తెప్పించగలదు. దాన్ని ఎవరూ మందుగా లెక్కలోకి తీసుకోరు కాబట్టి కేసు షీటులో ఉండదు. గ్లౌజుల లేటెక్స్, ముందు వేసుకున్న నొప్పి మాత్ర కూడా ఇంతే.

అడుగు 4: పరీక్ష సరైన చోట, సరైన పద్ధతిలో

క్లినిక్‌లో ఇంజెక్షన్‌కు ముందు మోచేతి మీద కాస్త మందు ఎక్కించి, కాసేపు చూసి ‘ఏమీ కాలేదు, ఇచ్చేద్దాం’ అనే అలవాటు ఉంది. దీన్ని నమ్ముకోవద్దు. పలుచన చేయని మందు చర్మంలో పెడితే అలర్జీ లేకపోయినా ఎర్రబడుతుంది. అడ్రినలిన్ ఉన్న మందైతే రక్తనాళాలు ముడుచుకుని, రావాల్సిన దద్దురు కూడా కనబడదు. రెండు వైపులా తప్పే. పాత సంఘటన ఏమీ లేని మనిషికి ముందస్తు చర్మ పరీక్ష అవసరమే లేదు.

సరైన పరీక్ష అలర్జీ నిపుణుడి దగ్గర, అత్యవసర మందులు సిద్ధంగా ఉన్న చోట జరగాలి. సంఘటన జరిగిన నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత వెళ్ళాలి. ముందే వెళితే తప్పుడు నెగటివ్ రావచ్చు. అలర్జీ మాత్రలు ఐదారు రోజుల ముందు నుంచి ఆపమంటారు. బీపీకి, గుండెకు బీటా బ్లాకర్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా మాత్రం ఆపొద్దు.

వరుస సాధారణంగా ఇలా ఉంటుంది. పారాబెన్, అడ్రినలిన్ లేని మందు చుక్కతో చర్మం మీద చిన్న గీటు. పక్కనే హిస్టమిన్ చుక్క, సెలైన్ చుక్క. హిస్టమిన్‌కు దద్దురు రాకపోతే మీ ఒంట్లో అలర్జీ మాత్ర ప్రభావం ఇంకా ఉందని, పరీక్ష చెల్లదని అర్థం. 15 నుంచి 20 నిమిషాలకు కొలుస్తారు. సెలైన్ కంటే 3 మి.మీ. పెద్దదైతే పాజిటివ్. నెగటివ్ అయితే 1:100, 1:10 పలుచన చేసిన మందు 0.02 నుంచి 0.05 మి.లీ. చర్మం పొరలోకి. అదీ నెగటివ్ అయితే చర్మం కింద 0.1 మి.లీ.తో మొదలుపెట్టి, విరామాలు ఇస్తూ, చివరికి పలుచన చేయని మందు 0.5 నుంచి 1 మి.లీ. దాకా. చివరి మోతాదు తర్వాత కనీసం గంట సేపు కూర్చోబెట్టి చూస్తారు, మర్నాడు ఫోన్ చేసి అడుగుతారు.

చర్మ పరీక్ష దగ్గరే ఆపేసి పంపితే పని సగమే అయినట్టు. పూర్తి మోతాదు ఎక్కించి చూసే చివరి దశే తీర్పు చెబుతుంది. క్రీము వల్ల వచ్చిన రకానికి ఈ పరీక్ష కాదు, వీపు మీద అంటించే ప్యాచ్ టెస్ట్ కావాలి, 48 గంటలకు ఒకసారి, 72 నుంచి 96 గంటల మధ్య మరోసారి చూస్తారు.

పరీక్షకు మీరు వాడబోయే మందునే ఇమ్మని అడగండి. పన్ను పనికి మెపివకైన్ వాడదలిస్తే లిగ్నోకైన్ నెగటివ్ వచ్చి ఉపయోగం లేదు.

అడుగు 5: ఫలితాన్ని బట్టి మందు

ఎస్టర్‌కు అలర్జీ తేలితే పారాబెన్ లేని ఏ ఎమైడ్ అయినా వాడవచ్చు. పారాబెన్‌కే అయితే కార్ట్రిడ్జ్ లేదా ఆంప్యూల్. డబ్బా మీద ‘పారాబెన్ రహితం’ అని చూసుకోవాలి. సల్ఫైట్ పడకపోతే అడ్రినలిన్ లేని మందు: దంతాలకు 3 శాతం మెపివకైన్ బాగా పనికొస్తుంది, కార్ట్రిడ్జ్‌కు 54 మి.గ్రా. పంటి గుజ్జుకు దీని ప్రభావం 20 నుంచి 40 నిమిషాలే, అందుకని పని ముక్కలుగా చేయించుకోవాలి.

అడ్రినలిన్‌కు దడ వచ్చేవాళ్ళకు, గుండె జబ్బున్నవాళ్ళకు మొత్తం అడ్రినలిన్ 0.04 మి.గ్రా. లోపు ఉంచుతారు. 1:100000 కార్ట్రిడ్జ్‌లో 0.018 మి.గ్రా. ఉంటుంది, అంటే రెండు. ప్రొప్రనొలాల్ అనే బీటా బ్లాకర్ వాడేవాళ్ళలో ఈ అడ్రినలిన్ బీపీని ఒక్కసారిగా పెంచగలదు. లివర్ బాగా దెబ్బతిన్నవాళ్ళకు ఆర్టికైన్ మేలు, అది ఎక్కువగా రక్తంలోనే విరుగుతుంది. మెథెమోగ్లోబిన్ సమస్య ఉన్నవాళ్ళు ప్రిలోకైన్, బెంజోకైన్‌తో పాటు, సూది నొప్పి తెలియకుండా రాసే లిగ్నోకైన్-ప్రిలోకైన్ క్రీమును కూడా మానాలి.

ఒక ఎమైడ్‌కు నిజమైన అలర్జీ తేలిందా? మిగతా ఎమైడ్‌లన్నీ పడవని కాదు. ఎస్టర్‌లలో ఒకటి పడకపోతే అన్నీ పడవు. ఎమైడ్‌లలో అలా ఉండదు. నిపుణుడు మరో ఎమైడ్‌ను పరీక్షించి, నెగటివ్ అయినదాన్ని రాసిస్తారు. చాలా కేసులు ఇక్కడే ముగుస్తాయి.

అడుగు 6: ఏ ‘కైన్’ కూడా కుదరనప్పుడు

డైఫెన్‌హైడ్రమిన్. అలర్జీ మందే, కానీ నరాల్లో సోడియం ద్వారాలను మూస్తుంది కాబట్టి మొద్దుబారుస్తుంది. మి.లీ.కు 50 మి.గ్రా. ఉన్న ఇంజెక్షన్‌ను నేరుగా వాడకూడదు, కణజాలం చచ్చిపోతుంది. 1 మి.లీ.కు 4 మి.లీ. సెలైన్ కలిపి 1 శాతం చేయాలి. గుచ్చేటప్పుడు మంట పుడుతుంది, ఆ విషయం రోగికి ముందే చెప్పడం మంచిది. ఐదు నిమిషాలైనా ఆగి కోత మొదలుపెట్టాలి. ప్రభావం లిగ్నోకైన్ కంటే తక్కువసేపు. వేళ్ళకు, ముక్కు కొనకు, చెవి అంచుకు వాడకూడదు, పసిపిల్లలకూ వద్దు. నిద్ర ముంచుకొస్తుంది, బండి నడపకూడదు. చిన్న కుట్లకు, చర్మం మీది గడ్డకు సరిపోతుంది. వాచిన దవడ పన్నుకు దీన్ని నమ్ముకుంటే నిరాశే. ఇతర అలర్జీ ఇంజెక్షన్లను ఇదే లెక్కన కలిపి వాడకూడదు.

బెంజైల్ ఆల్కహాల్ సెలైన్. 0.9 శాతం బెంజైల్ ఆల్కహాల్ కలిపిన సెలైన్‌కు కొద్దిపాటి మొద్దుబారే గుణం ఉంది, మంట కూడా డైఫెన్‌హైడ్రమిన్ కంటే తక్కువ. 20 మి.లీ. వయల్‌లో 1:1000 అడ్రినలిన్ 0.2 మి.లీ. కలిపితే 1:100000 అవుతుంది, ప్రభావం ఎక్కువసేపు నిలుస్తుంది. సల్ఫైట్ పడనివాళ్ళకు ఆ అడ్రినలిన్ ఆంప్యూల్ లేబుల్ కూడా చూడాలి. నవజాత శిశువులకు ఇది నిషిద్ధం.

నైట్రస్ ఆక్సైడ్. ముక్కు మాస్కుతో 30 నుంచి 50 శాతం. నొప్పి తీవ్రత తగ్గిస్తుంది కానీ పూర్తిగా పోదు. ఊపిరితిత్తుల పొరల్లో గాలి చేరినవాళ్ళకు, పేగులు మూసుకుపోయినవాళ్ళకు, కంటిలో గ్యాస్ బుడగ పెట్టిన ఆపరేషన్ ఈమధ్యే జరిగినవాళ్ళకు, బి12 లోపం ఉన్నవాళ్ళకు, మొదటి మూడు నెలల గర్భిణులకు వద్దు.

సెడేషన్, జనరల్. సెడేషన్ అంటే మగతగా ఉంచడం. అందుకు వాడే మిడజోలామ్ భయాన్ని తీస్తుంది, నొప్పిని కాదు. దాన్నొక్కదాన్ని ఇచ్చి పన్ను పీకడం హింసే. కెటమిన్ అనే మత్తుమందు నొప్పిని కూడా ఆపుతుంది, ఎనస్థీషియా డాక్టరు పక్కన ఉండాలి. ఘనాహారం ఆరు గంటలు, నీళ్ళు రెండు గంటల ముందు ఆపాలి. పెద్ద పనికి జనరల్ ఎనస్థీషియానే మర్యాదైన దారి.

అడుగు 7: సూది లేకుండా అయ్యే పనులు

చిన్న, అంచులు దగ్గరపడే కోత గాయానికి చర్మం అతికించే జిగురు, టేపు పట్టీలు చాలు. సూది గుచ్చడం, పై చర్మంలో చీము పొక్కు గిల్లడం లాంటి క్షణాల పనికి ఇథైల్ క్లోరైడ్ చల్లని స్ప్రే, లేదా బట్టలో చుట్టిన మంచుగడ్డ రెండు నిమిషాలు. స్ప్రే మంటకు అంటుకుంటుంది, కాటరీ (రక్తనాళాలను కాల్చి మూసే పరికరం) దగ్గర వాడకూడదు.

పుచ్చిన పన్నుకు 38 శాతం సిల్వర్ డయామిన్ ఫ్లోరైడ్ పూస్తే పుచ్చు ఆగుతుంది, డ్రిల్లూ ఇంజెక్షనూ అక్కర్లేదు. పూసిన చోట శాశ్వతంగా నల్లబడుతుంది. మెత్తబడిన భాగాన్ని చేతి పనిముట్లతో తీసి గ్లాస్ అయనోమర్ అనే పంటి సిమెంటు నింపే పద్ధతీ ఉంది. పాల దవడ పళ్ళకు తొలచకుండానే స్టీలు క్యాప్ తొడగవచ్చు. రూట్ కెనాల్‌కు, లోతైన పన్ను తీయడానికి మాత్రం వీటితో కాదు.

కాన్పు నొప్పులకు ఎపిడ్యూరల్ (వెన్ను దగ్గర ఇచ్చే లోకల్ మత్తు) వద్దంటే నైట్రస్, ఆక్సిజన్ చెరి సగం కలిపిన గ్యాస్, రోగి మీట నొక్కుకునే రెమిఫెంటానిల్ (బలమైన నొప్పి మందు) పంపు ఉన్నాయి. సిజేరియన్‌కు జనరల్, లేదా అనుభవమున్న ఎనస్థీషియా డాక్టరు చేతిలో వెన్నులోకి పెథిడిన్ అనే నొప్పి మందు. ఆ మందుకు లోకల్ మత్తు గుణం కూడా ఉంది. గర్భిణి అయితే ఈ మాట ఏడో నెలలోనే ఎత్తండి, నొప్పులు మొదలయ్యాక కాదు.

అడుగు 8: ఆ రోజు

ఖాళీ కడుపు అవసరం లేని పని అయితే తేలికగా తిని వెళ్ళండి. పూర్తిగా పడుకుని ఇంజెక్షన్ చేయించుకోండి. డాక్టరు పిస్టన్ వెనక్కి లాగి రక్తం వస్తుందేమో చూసి, నిమిషానికి 1 మి.లీ. వేగం మించకుండా ఎక్కించాలి. తర్వాత అరగంట అక్కడే ఉండండి.

గదిలో ఇవి ఉన్నాయా అని ముందే అడగడానికి మొహమాటపడొద్దు: అడ్రినలిన్ ఆంప్యూల్, ఆక్సిజన్, సెలైన్. ఎక్కువ మోతాదుతో నరాన్ని మొద్దుబార్చే బ్లాక్ అయితే 20 శాతం లిపిడ్ ఎమల్షన్ (నరంలోకి ఎక్కించే కొవ్వు ద్రావణం) కూడా. లోకల్ మందు విషప్రభావం వస్తే ఈ ఎమల్షన్ కిలోకు 1.5 మి.లీ. ఒకేసారి, తర్వాత డ్రిప్‌గా. తీవ్ర అలర్జీ మొదలైతే పెద్దవాళ్ళకు 1:1000 అడ్రినలిన్ 0.5 మి.లీ. తొడ బయటి కండరంలో, తగ్గకపోతే ఐదు నిమిషాలకు మళ్ళీ. పిల్లలకు కిలోకు 0.01 మి.గ్రా. ముందు అలర్జీ ఇంజెక్షన్, స్టెరాయిడ్ ఇచ్చి చూద్దామనుకోవడమే ఇక్కడ జరిగే పెద్ద తప్పు. అవి నెమ్మదిగా పనిచేస్తాయి, అంత సమయం ఉండదు. పరిస్థితి కుదుటపడ్డాక ఒకటి రెండు గంటల్లో ట్రిప్టేజ్ (తీవ్ర అలర్జీలో రక్తంలో పెరిగే పదార్థం) రక్త పరీక్షకు నమూనా తీయించండి, నాలుగు గంటలు దాటనివ్వొద్దు. 24 గంటల తర్వాత మరో నమూనా. ఈ రెండు అంకెలు తర్వాత అలర్జీ నిపుణుడికి బాగా ఉపయోగపడతాయి.

అడుగు 9: కార్డు రాసుకోండి

పర్సులో, ఫోన్‌లో ఒక్కో నకలు. ‘లోకల్ అలర్జీ’ అని మాత్రం రాయొద్దు. ఇలా ఉండాలి: ‘పడనిది: మిథైల్‌పారాబెన్. చర్మ పరీక్షలో పాజిటివ్, పరీక్ష తేదీ, చేసిన డాక్టరు పేరు. పడేది: పారాబెన్ లేని 2 శాతం లిగ్నోకైన్ ఆంప్యూల్, 1 మి.లీ. పూర్తి మోతాదు పరీక్షలో ఇబ్బంది లేదు. అడ్రినలిన్: ఇవ్వవచ్చు.’ పడేది ఏమిటో రాసిన ఆ భాగమే, అర్ధరాత్రి కుట్లు వేయాల్సి వచ్చిన డాక్టరు మొదట వెతికేది.